వాలుగ దవడ

1968లో, ఎండలు ముదిరే రోజుల్లో, నేనూ మా మేనత్త గవరమ్మా పొందూరులో ప్యాసింజరు బండెక్కి విజయనగరం వెళ్లాం. అక్కడ కొత్తగా పెట్టిన నూలు శిక్షణ కేంద్రానికి ఇన్‌స్ట్రక్టరు కావాలన్నారు. పది రోజులు అక్కడే ఉండి పని చూపించాలి, ఆఖరి రోజు ఆఫీసరు వచ్చి పరీక్ష చేస్తాడు. ఆ ఉద్యోగం అత్త కోసమే. నేను సాయం వెళ్లాను. ఆమెకు భర్త పోయాడు, పిల్లల్లేరు. మరిది ఇంటి వసారాలో, తోటికోడలు పెట్టినప్పుడు తింటూ బతుకుతోంది. ఉద్యోగం వస్తే ఒక గది ఇస్తారు.

"తలుపుంటాదట గుంటా! లోపల్నుంచి గెడేసుకోవచ్చట" అని బండిలో పదిసార్లు చెప్పింది.

మా పని తెలియని వారికి రెండు మాటలు. సన్న నూలు కావాలంటే గింజ తీయకముందే పత్తిని దువ్వాలి. ఆ దువ్వెన వాలుగ చేప దవడ ఎముక. దాని పళ్లు ఎంత సన్నమంటే, చెత్తంతా రాలిపోయి పోగులన్నీ ఒకే వైపుకు తిరుగుతాయి. వాడేకొద్దీ ఎముక నునుపు తేలుతుంది. అత్త దవడ మీద ఆమె బొటనవేలికి సరిపడా గుంట పడింది. నూలు సన్నదనాన్ని కౌంటు అంటారు. అంకె పెరిగేకొద్దీ దారం సన్నం. అత్త నూరు కౌంటు తీసేది. నాదెప్పుడూ లావే.

"నూలు తీస్తన్నావా, గేదెకి పలుపు పేనుతన్నావా?" అని వెక్కిరించేది.

కేంద్రంలో చేపా మాంసమూ ముట్టకూడదు. ఒప్పుకునే వెళ్లాం. భోజనానికి చప్పిడి పప్పు, ఉడికించిన ఆనపకాయ, పలచని మజ్జిగ. ఉల్లిపాయ కూడా లేదు. చోడి అంబలిలో, అదే రాగి జావలో, కాల్చిన మెత్తళ్లనే చిన్న ఎండుచేపలు నంజుకునే నోరు నాది. ఈ తిండి దిగదని ముందే అనుమానించి నాలుగు గుప్పిళ్ల మెత్తళ్లు గుడ్డలో కట్టి తెచ్చుకున్నాను. బట్టల మూటలో పెడితే అత్త చూస్తుంది. ఇద్దరి దవడలూ ఉండే పనిసంచి సర్దేది నేను కాబట్టి ఆమె అందులో చెయ్యి పెట్టదు. పైగా నా దవడ కొత్తది, ఇంకా నీసు కంపు పోలేదు. ఆ కంపులో ఇదీ కలిసిపోతుందిలే అని సంచి అడుగున దాచాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక నూతి వెనక్కి వెళ్లి ఒకటో రెండో నమిలేదాన్ని. ప్రాణం లేచొచ్చినట్టుండేది.

తొమ్మిదో రోజు పొద్దున్న సంచి కనపడలేదు. వెతుక్కుంటూ ఇద్దరం వంటింటి దాకా వెళ్తే, వంట చేసే పంతులు గుమ్మంలో నీళ్లు కుమ్మరించి కడుగుతున్నాడు. పిల్లి సంచిని అక్కడిదాకా ఈడ్చుకొచ్చిందట. పక్కన వార్డెనమ్మ నిలబడి ఉంది.

"చేప బొమికలు తెచ్చి నా వంటింటి ముందు పడేస్తారా?" అన్నాడు పంతులు.

"బొమికలు కావు బాబూ, పనిముట్లు. ఏటి సేసినావు వాట్ని?" అని అత్త అడిగింది.

"కర్రతో ఎత్తి నీళ్ల పొయ్యిలో పెట్టాను, సంచితో సహా."

వార్డెనమ్మ అడిగింది: "ఎముకలు పనిముట్లే అనుకుందాం. మరి ఎండుచేపలో?"

అత్త నా వైపు చూసింది. నేను నా కాళ్ల వేళ్లు చూసుకున్నాను.

"నావేనమ్మా" అంది అత్త. "ముసిల్దాన్ని, నోరు సప్పబడిపోతే తెచ్చుకున్నాను."

తెల్లారితే పరీక్ష. ఊరికి వెళ్లి మరో దవడ తెచ్చే వ్యవధి లేదు. చేపల బజారుకి పరిగెత్తాం. వాలుగ చెరువు చేప, ఆ రోజు అన్నీ సముద్రపు చేపలే. వాలుగ దవడ కావాలంటే అమ్మేవాళ్లు నవ్వారు. "తలకాయి పులుసెట్టుకుంటారు గానీ, దవడతో దూది దువ్వడమేటే తల్లీ! జుట్టు కూడా దువ్వుతారేటి?" అంది ఒకామె. ఇంకో రోజైతే అత్త దీటుగా జవాబు చెప్పేది. ఆ రోజు నా చెయ్యి పట్టుకుని తిరిగొచ్చేసింది. దారిలో నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు కేంద్రంలో ఉన్న ఇనప పళ్ల దువ్వెనతోనే పత్తి దువ్వాం. పోగులు తెగిపోయాయి. నూరు కౌంటు తీయబోతే అత్త దారం పుటుక్కున తెగేది. అతికేది, మళ్లీ తెగేది. నా దారం లావుది కాబట్టి తెగలేదు.

ఆఫీసరు మంచివాడే. "సరైన పనిముట్టు లేదంటోంది. అది తెప్పించుకున్నాక మరో వారంలో చూద్దాం" అన్నాడు. వార్డెనమ్మ వంగి ఆయనతో ఎండుచేపల సంగతి చెప్పింది. ఆయన అత్త ముఖం చూసి, పుస్తకం మూశాడు.

"నిబంధన తప్పినవాళ్లు పిల్లలకేం నేర్పుతారు? ఈ అమ్మాయి నయం. మొదట నేర్పాల్సింది కూడా లావు నూలే" అని నన్ను చూపించాడు.

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. నోరు తెరవబోయాను. అత్త నా వైపు చూసి తల అడ్డంగా ఆడించింది, నేను దాన్నే సాకుగా తీసుకున్నాను.

స్టేషన్లో ఆమె మూట అందిస్తూ ఏడ్చాను. "ఏడవకే. ఉండిపో" అంది. "తిండిదేటుంది, అలవాటైపోద్ది."

అలవాటైపోయింది. ఆ గదిలో చాలా ఏళ్లు ఉన్నాను. పిల్లల పలకల మీద నేను అక్షరాలు దిద్దుకున్నదీ అక్కడే. అత్త మూడేళ్ల తర్వాత ఆ వసారాలోనే పోయింది. కబురు నాకు ఆలస్యంగా అందింది.

కొత్త బ్యాచి వచ్చినప్పుడల్లా పిల్లలకు నేను నేర్పిన మొదటి పాఠం ఒకటే: దవడను తిండితో కలపకండి, నడుముకి కట్టుకోండి. ఎందుకమ్మా అని అడిగితే వాసనకి పిల్లి వస్తుందని చెప్పేదాన్ని. అంతవరకే చెప్పేదాన్ని. ఆ గుమ్మం ముందు "అవి నావి" అని ఉంటే, మహా అయితే నన్ను సాయంత్రం బండికి ఇంటికి పంపేసేవారు. అంతకు మించి ఏమీ జరిగేది కాదు.