ముందే వచ్చినా లేటు పడ్డ పిల్ల

ఇలా దగ్గరికి జరగండి, ఆ పీట లాక్కుని కూర్చోండి. చేతిలో పని ఉంటే ఉండనివ్వండి, చెవి ఇటు పెడితే చాలు. నా చదువు మూడో క్లాసుతో ఆగిపోయింది గానీ, చూసింది మాత్రం మరచిపోను.

పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే ఒక ఆఫీసులో నేను అటెండర్ని. పావు తక్కువ తొమ్మిదికి తాళం తీస్తాను, ఊడుస్తాను, బల్లలు తుడుస్తాను. అక్కడ హాజరు పుస్తకం ఎత్తేసి చాలాకాలమైంది. కంప్యూటర్లో పేరు, పాస్‌వర్డ్ కొట్టాక ఎవరి తెర ఎప్పుడు తెరుచుకుంటే అదే వాళ్ళు వచ్చిన టైము. తొమ్మిదింబావు దాటితే లేటు.

అక్కుపల్లి నుంచి ఒక పిల్ల కొత్తగా చేరింది. తండ్రి సముద్రం మీద వేటకి వెళ్తాడు. ఆ ఇంట్లో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం ఎక్కిన మొదటి మనిషి ఆమే. ఆరు నెలలు పని చూసి, ఉంచేదీ లేనిదీ చెబుతామన్నారు. మొదటి బండి పట్టుకుని, నేను తాళం తీసే వేళకే మెట్ల మీద ఉండేది. వచ్చి పేరు కొట్టేది. మొదట్లో బాగానే ఉండేది, కొన్నాళ్ళు పోయాక ఇక తెర మీద చుక్కలు గుండ్రంగా తిరగడమే! అరగంట, ఒక్కోరోజు ఇంకా పైన. వెనకొచ్చినవాళ్ళు కబుర్లాడుకుని తీరిగ్గా కొట్టినా నిమిషంలో తెరుచుకునేది.

"ఏటమ్మా, నీ కంప్యూటర్‌కి ఇంకా తెల్లారనేదా?" అని పక్క సీటాయన రోజూ ఒకసారి అనేవాడు. ఆమె నవ్వేది. ఐదో నెలకి ఆ నవ్వు పోయింది.

మేనేజరు చెడ్డవాడు కాదు. ఆమె వెళ్ళి చెప్పుకుంటే, "పుస్తకమైతే నానే దిద్దేద్దును. ఇది మిషనమ్మా, నా సేతిలో నేదు. ఇంకాస్త బేగి రా" అన్నాడట. మొదటి బండికంటే ముందు ఇంకే బండి ఉంది?

టెక్కలి నుంచి కంప్యూటర్లు బాగుచేసే అబ్బాయిని పిలిపించారు. వైరు మార్చాడు. తగ్గలేదు. ఆమెను కిటికీ పక్క సీటుకి మార్చి, అక్కడి గుమాస్తాని ఈమె సీట్లో కూర్చోబెట్టారు. అదీ కుదరలేదు. చివరికి ఆ అబ్బాయి కొత్త కంప్యూటరే తెప్పించాలన్నాడు. ఆ మాటకి మేనేజరు మొహం చిట్లించాడు. ఆ పిల్ల అందరి ముందూ తల వంచుకుని కూర్చుంది.

నేను గుడ్డ పట్టుకుని అక్కడే ఉన్నాను. ఊరుకోలేకపోయాను.

"బాబూ, నాకు సదువు నేదు గానీ ఒకటి సెప్తాను. ఈ పిల్లని కిటికీ కాడికి మార్సినారు, అక్కడా ఆలస్యమే. ఈ సీట్లోకొచ్చిన గుమాస్తాకి టక్కున వచ్చీసింది. మద్దిలో ఒకరోజు మేనేజరుబాబు కంప్యూటర్లో ఈ పిల్ల పేరు కొట్టినాది, అదీ అరగంట తిరిగినాది. మిషన్‌కేటి కానేదు. జబ్బు ఈ పిల్ల పేరుతో తిరుగుతంది."

ఆ టెక్కలి అబ్బాయి నావైపు చూశాడు. "అమ్మా, ఈ మాట ముందే సెప్పొచ్చు కదా?"

"అడిగినోళ్ళు నేరు బాబూ."

అతను లోపలి గదిలోకి వెళ్ళాడు. మా ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ పెద్ద దిక్కయిన సర్వర్ ఉండేది అక్కడే. కాసేపటికి బయటికొచ్చి అందరికీ అర్థమయ్యేలా చెప్పాడు. ఎవరు ఏ కంప్యూటర్ దగ్గర పేరు కొట్టినా, వాళ్ళు తెర మీద దాచుకున్న సామానంతా సర్వర్ నుంచి మోసుకు రావాలట. అదంతా చేరాకే తెర తెరుచుకుంటుందట. ఈ పిల్ల సామాను గుట్ట అంత ఉందన్నాడు.

ఆ గుట్టలో ఏముందో వరసగా చదివాడు. ఒకరి భూమి కాగితాలు. ఒకరి మనవడి పుట్టినరోజు ఫోటోలు. మేనేజరు కట్టుకుంటున్న ఇంటి ప్లాన్లు. స్కానర్ ఆమె బల్ల మీదే ఉండేది, ఆమెకి కాదనడం రాదు. అందరం ఆమెకే ఇచ్చాం. చివరిగా, "పెళ్ళి వీడియో, మూడు గంటలు" అన్నాడు.

అది నా కూతురి పెళ్ళి. పెన్‌డ్రైవ్ పాడవుతుందన్న భయంతో, 'తెర మీదే పెట్టమ్మా, బేగి దొరకాల' అని నేనే ఇచ్చాను. చేతిలో గుడ్డ పక్కన పెట్టి, "అది నాదే బాబూ" అన్నాను. ఆ పిల్ల మాత్రం, "పోనీ పిన్నీ, నాకూ తెల్దు కదా" అంది.

అతను మా సామానంతా సర్వర్లోనే వేరే చోట పెట్టాడు. అది ఎవరి పేరు వెంటా తిరగదట. మళ్ళీ పేరు కొట్టించాడు. నేను మనసులో లెక్కపెడుతున్నాను, ముప్పై దాటకముందే తెర తెరుచుకుంది.

పాత లేట్లు అలాగే ఉన్నాయి కదా. మేనేజరు గదికి వెళ్ళి, అవి ఆ పిల్లవి కావు బాబూ, మనందరివీ అన్నాను. ఆయన తెల్లకాగితం తీసి యజమానికి తన చేత్తోనే రాశాడు: తలుపు తీసేసరికి ఈమె వచ్చి ఉండేదని, దానికి సాక్షి అటెండరని, ఆలస్యంలో తన ఇంటి ప్లాన్ల పాలు కూడా ఉందని. కింద నన్నూ సంతకం పెట్టమన్నాడు. మూడో క్లాసు అక్షరాలతో, వంకరగానే, నా పేరు పూర్తిగా రాశాను.

ఆరో నెల నిండింది. ఆ పిల్లని ఉంచుకున్నారు.

విన్న మీకు మంచి జరగాలి. మీ ఇంటి గడప దాటిన బిడ్డలు వేళకి చేరాలి, చేరారని చెప్పే మనిషి ఒకరైనా అక్కడ ఉండాలి. మీ ఇల్లు పచ్చగా, మీ పొయ్యి వెచ్చగా, మీ వాళ్ళంతా చల్లగా ఉండాలి.