వేడెక్కిన చెరువు మీద చెడ్డ బేరం

మా నాన్న దుకాణంలో అక్షరాల కన్నా ముందు నేను నేర్చుకున్న విద్య ఒకటే. నీకు కావలసిన సరుకు వైపు చూడకు. పక్కనున్నదాన్ని చూడు, ధర అడుగు, పెదవి విరువు, లేచి వెళ్లిపోతున్నట్టు చెప్పుల్లో కాళ్లు పెట్టు. ఆ విద్యతో మానుకోట నుంచి ఎన్నో బస్తాలు చవకగా తెచ్చాను. అదే విద్యతో ఒక ఎండాకాలం మా ఊరి బెస్తవాళ్ల నోటికాడి కూడు చెడగొట్టాను.

మాది గూడూరు వైపు, అడవి అంచున ఉన్న ఊరు. సాయుధ పోరాటం నడుస్తున్న రోజులు. చెరువు పక్కన పోలీసు క్యాంపు పడింది. అడవిలోని దళాలు తెల్లవారుజామున నీళ్లకు చెరువుకే వస్తాయని వాళ్ల అనుమానం. పొద్దు బారెడు ఎక్కేదాకా కట్ట మీద మనిషి కనబడితే కాలుస్తామని డప్పు కొట్టించారు.

ఒక మధ్యాహ్నం బెస్తల పెద్దాయన తువ్వాలతో చెమట తుడుచుకుంటూ దుకాణానికి వచ్చాడు.

“సావుకారీ, చెరువు ఉడుకుతుంది. తూము కాడ మడుగంత నీళ్లే మిగిలినయి. పొద్దంత చేప అడుగుకు పోయి బురదల పంటది, వలకు దొరకది. తెల్లారంగ గాలి కోసం పైకొచ్చి నోరు తెరుస్తది. గప్పుడే పట్టాలె.”

“ఇప్పుడు నోరు తెరుస్తున్నయా?”

“మా గుడిసెల కాడికి కనబడుతున్నయి. మబ్బు వట్టి గాలి ఆడకపోతే రెండు దినాలల్ల బొచ్చె చేపలు, రవ్వలు తెల్లగ తేలుతయి. కొర్రమట్ట ఒక్కటే బురదలనన్న బతుకుతది. క్యాంపుకు బీడీలు ఇచ్చేది నువ్వే గద. ఒక్క తెల్లారిగట్ల ఇప్పియ్యి.”

ఆ చేపలు ఎండబెట్టుకుంటేనే వానలు పడేదాకా బెస్తవాడకు పూట గడిచేది. చచ్చి తేలినవి ఎండబెట్టడానికి పనికిరావు, ఊరికే కుళ్లుతాయి. నేను మంచివాణ్ణి అనుకోకండి. వాళ్ల వలల నూలు మా దుకాణంలో అప్పుగా తీసుకున్నదే. అందుకే సరే అన్నాను.

సాయంత్రం క్యాంపుకు వెళ్లాను. క్యాంపు నడిపే జమేదారు తల మీద తడిగుడ్డ వేసుకుని మంచంలో ఉన్నాడు. ముందు బీడీల గురించి మాట్లాడాను, తర్వాత ఎండ గురించి. చివర్లో, గుర్తుకొచ్చినట్టు,

“మా బెస్తోళ్లు చేపలు పట్టుకుంటమంటున్నరు సాబ్. ఏం జల్దీ లేదు. మీ వీలు జూసి ఎప్పుడన్న...” అంటూ చెప్పుల్లో కాళ్లు పెట్టాను.

“జల్దీ లేదా? అచ్ఛా. శుక్రవారం పెద్ద సాబ్ వస్తడు. అడిగి చెప్త. పో.”

శుక్రవారానికి ఇంకా ఆరు రోజులు. చెప్పుల్లో పెట్టిన కాళ్లు అక్కడే ఉండిపోయాయి. ఇప్పుడు తొందరుందంటే నవ్విపోతాడనిపించింది. ఇంటికి వచ్చేశాను.

మర్నాడు పొద్దున మబ్బు పట్టింది. ఆకు కదలడం లేదు. పెద్దాయన రెండు చేతుల మీద ఒక చచ్చిన బొచ్చెను మోసుకొచ్చి గడప ముందు పెట్టాడు. మొప్పలు పాలిపోయి ఉన్నాయి.

“గిది మొదటిది. జమేదారు ఏమన్నడు?”

చెప్పాను.

“జల్దీ లేదన్నవా? మా బతుకు మీద గూడ బేరమాడినవా, సావుకారీ?”

మళ్లీ క్యాంపుకు పరుగెత్తాను. ఈసారి బీడీల మాట ఎత్తలేదు.

“సాబ్, రేపు తెల్లారే పట్టాలె. లేకుంటే అన్నీ చస్తయి.”

జమేదారు తల మీది గుడ్డ తీసి పక్కన పెట్టాడు.

“నిన్న జల్దీ లేదంటివి. ఇయ్యాల రేపే కావాల్నంటున్నవు. రాత్రికి రాత్రి అడవిల నుంచి ఎవడొచ్చి చెప్పిండు నీకు?”

ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేనివాళ్లను వెనక గదిలోకి తీసుకెళ్లేవారు. సరుకు దించేటప్పుడు ఆ గదిలోంచి వచ్చే కేకలు విన్నవాణ్ణి. చెప్పడానికి అబద్ధాలు నాలుగైదు తోచాయి. అన్నీ నేను సైతం కొననంత నాసిరకం. చివరికి నిజమే చెప్పాను.

“నాది దుకాణపోళ్ల బుద్ధి సాబ్. కావాల్నంటే మీరు ధర పెంచుతరని భయపడ్డ.”

“నేనేమన్న బెల్లం అమ్ముతున్ననారా?”

పోలీసులందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

“రేపు ఒక్కరోజే, పొద్దు పొడిచేదాకనే,” అన్నాడు జమేదారు. “నువ్వు గూడ నీళ్లల్ల దిగాలె. అడవి దిక్కు మనిషి కదిలిండంటే ముందుగాల నిన్నే కాలుస్త.”

నాకు ఈత రాదు. చేప వాసన పడదు. మర్నాడు మసక వెలుతురులో పదిమంది బెస్తల మధ్య ఛాతీలోతు నీళ్లలో నిలబడ్డాను. నీళ్లు స్నానానికి కాచినట్టు గోరువెచ్చగా ఉన్నాయి. చుట్టూ వేల నోళ్లు తెరుచుకుని మూసుకుంటున్నాయి.

“బురద లేపకుర్రి. లేస్తే ఉన్న గాలి గూడ పోతది,” అన్నాడు పెద్దాయన గుసగుసగా.

అందరూ వలను చూస్తుంటే నేను అడవి వైపు చూస్తున్నాను. తుమ్మ పొద కదిలింది. కట్ట మీద జమేదారు తుపాకి లేచింది. పొదలోంచి కొంగ ఎగిరింది.

మొదటి వల నిండుగా వచ్చింది. రెండోదానిలో సగం చచ్చినవే. మూడో వల చుట్టి ఇంకా ఒడ్డుకు లాగలేదు, అప్పుడే కట్ట మీంచి జమేదారు ఈల వినబడింది. పొద్దు పొడిచింది. పెద్దాయన వల తాడు పట్టుకుని నా వైపు చూశాడు.

నేను నీళ్లలోంచే చేతులు జోడించాను.

“సాబ్, గీ ఒక్క వల కావాలె. చానా కావాలె. కాళ్లు మొక్కుత.”

జమేదారు అవునని అనలేదు, తుపాకి దించలేదు. రెండో ఈల మాత్రం ఊదలేదు. తుపాకికి వీపు పెట్టి వల లాగాం. ఒడ్డు చేరేదాకా ఎవరూ వెనక్కి తిరగలేదు.

పెద్దాయన గట్టు మీద కూర్చుని బతికున్నవి ఒక పక్కకు, చచ్చినవి ఒక పక్కకు వేశాడు.

“వానలదాక సరిపోతయా పెద్దయ్యా?” అన్నాను.

“సగం ఇండ్లకు సరిపోతయి. నిన్న పట్టి ఉంటే...” అని ఆపి, మళ్లీ చేపల మీదికి వంగాడు.

ఆ మర్నాటికి మడుగంతా తెల్లగా తేలింది. క్యాంపు వాళ్లు ముక్కులకు గుడ్డలు కట్టుకుని తిరిగారు. తొలి వాన పడేదాకా రోజూ పొద్దున లేవగానే బెస్తవాడ వైపు చూసేవాణ్ణి. కొన్ని ఇళ్ల మీద పొయ్యి పొగ లేచేది. కొన్ని ఇళ్ల మీద లేచేది కాదు.