సాంచెల పక్కన కట్టిన కీర్తన

ఆ రోజుల్లో, సంగీతం చెప్పి బతకాలంటే గొంతు కన్నా ముందు ఓపిక కావాలని నాకెవరూ చెప్పలేదు. కరీంనగర్‌కు కాస్త దూరంగా, ఓ నేతవాళ్ల ఊళ్లో పాఠం చెప్పడానికి నాకు దొరికిన గది సాంచెల షెడ్డుకు ఆనుకునే ఉండేది (మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు). పొద్దంతా టకటక, టకటక. మొదట్లో తల పగిలిపోయేది. తర్వాత అలవాటై, వినిపించడమే మానేసింది. నేత ఇళ్ల ఆడపిల్లలు ముగ్గురు నా దగ్గర నేర్చుకునేవాళ్లు. వాళ్లు పాడుతుంటే నాకు తాళం వేసే పనే ఉండేది కాదు. అదంతా నా బోధన గొప్పతనమేనని ఊరంతా చెప్పుకుని తిరిగాను.

అప్పుడే మోహన రాగంలో ఓ కీర్తన కట్టాను. మా గురువుగారు, అందరికీ పెద్దసారు, ఒకటే మాట అన్నారు. "నీ పిల్లలతోని కరీంనగర్ల సభల పాడించు. నిలవడితె నా పిల్లలకు నేర్పిస్త. లేకుంటె గీ కట్టుడు బంద్ జేసి సరళీస్వరాలు చెప్పుకుంట ఉండు." ఆ రోజు నుంచీ నాకు అన్నం సహించలేదు.

సభ జరిగిన హాలు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, ముందు వరుసలో పెద్దసారు ఆకువక్క నమలడం కూడా వినిపిస్తోంది. పిల్లలు పల్లవి అందుకున్నారు. కాసేపటికే ముగ్గురూ మూడు దారులు పట్టారు. మృదంగం ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని నావైపు చూశాడు. ముగ్గురిలో పెద్దమ్మాయి పాట ఆపి, మైకులోనే అడిగింది. "సార్, ఈడ సాంచెలు నడుస్తలేవు. ఎక్కడ అందుకోవాలె?"

హాలంతా నవ్వింది. (నేను అన్నాళ్లూ బడాయి పోయిన లయ ఎవరిదో అప్పుడర్థమైంది.) వేరే దారిలేక వేదిక ఎక్కి, అక్కడున్న బల్లను రెండు చేతులతో టకటకమని గుద్దడం మొదలుపెట్టాను. పిల్లల మొహాలు విప్పారాయి. చరణం చివరిదాకా ఎక్కడా తప్పలేదు. నా అరచేతులు మాత్రం వాచిపోయాయి.

పెద్దసారు వచ్చి నా చేతులు చూశారు. "పాట నిలవడ్డది. నేర్పిస్త తియ్. కని గా సాంచెను ఏడికెళ్లి తేవాలెరా?"

ఆ కీర్తన ఇప్పుడు చాలాచోట్ల పాడుతున్నారు, ఫోన్‌లో తాళం పెట్టుకుని, ఒక్క తప్పూ లేకుండా. మొన్న నాకు శాలువా కప్పి మరీ వినిపించారు. నాకు కునుకు పట్టింది (శాలువా వెచ్చగా ఉంది మరి). లేచి "ఇలా కాదమ్మా" అనే ఓపిక ఇప్పుడు లేదు. పాట బతికింది, సంతోషమే. కానీ చెమటలు కక్కుతూ బల్ల గుద్దిన ఆ పిల్లగాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, వాడంటే కుళ్లూ పుడుతుంది. వాడు ఆ పూట విన్న పాట నాకు మళ్లీ వినిపించలేదు.