సగం తెరిచిన నోరు

మత్తు ఇచ్చే ముందు మేము రోగి నోట్లోకి చూస్తాం. ఆపరేషన్ మత్తులో మనిషి సొంతంగా ఊపిరి తీసుకోలేడు. గొంతులోకి గొట్టం వేసి మేమే ఊపిరి ఆడించాలి. ఆ గొట్టం సులువుగా దిగుతుందో లేదో ముందే అంచనా వేయాలి. నోరు ఎంత తెరుచుకుంటుంది, కొండనాలుక కనబడుతుందా, మెడ ఎంత వెనక్కి వంగుతుంది, అంతే. రెండు నిమిషాల పని. నేను ఆ రెండు నిమిషాలు కూడా పెట్టలేదు.

అది చింతామణిలో ఒక చిన్న ఆసుపత్రి. రోగి ఒకామె, చాకవేలు అనే పల్లె నుంచి వచ్చింది, యాభై దాటి ఉంటాయి, పిత్తాశయంలో రాళ్లు. తోడుగా వచ్చిన భర్త అన్న మంచం పక్కనే నిలబడి ఉన్నాడు.

"నోరు పెద్దగా తెరువమ్మా, నాలుక బయట పెట్టు" అన్నాను.

ఆమె బావ వైపు ఒకసారి చూసి, కొంగు అడ్డం పెట్టుకుని, సగం తెరిచి మూసేసింది. నాది బాగేపల్లి పక్క పల్లెటూరే. మా అమ్మ కూడా మా పెద్దనాయన ముందు నోరు తెరిచి నవ్వి ఎరగదు. కాబట్టి నాకు తెలియలేదని చెప్పుకోవడానికి కూడా లేదు. ఆయన్ను కాసేపు బయట ఉండమంటే సరిపోయేది. చిక్కబళ్లాపురంలో ఇంకో కేసు ఉందని తొందరపడి, కాగితం మీద 'ఇబ్బంది లేదు' అని రాసి సంతకం గీకేశాను.

మర్నాడు ఉదయం మత్తు ఇచ్చాక చూస్తే ఆ నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోలేదు. రెండుసార్లు ప్రయత్నించాను. ముందరి పన్ను ఊడింది, పెదవి చీలింది, ఆక్సిజన్ పడిపోతూ వచ్చింది. మాస్కుతో ఊపిరి అందించి ఎలాగో లేపాం. ఆపరేషన్ ఆగిపోయింది.

బయట ఆమె బావ ఎదురొచ్చాడు. "ఏమాయ సార్?"

"ఆమె గొంతే అట్లుండాదప్పా. ముందే తెలిసేది కాదు."

ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. ఆయన నమ్మి, బెంగళూరుకు పిలుచుకుపోతామన్నాడు.

సాయంత్రం వార్డుకు వెళ్లాను. ఆమె ఒక్కతే ఉంది. వాచిన పెదవి మీద కొంగు కప్పుకుని, బొంగురు గొంతుతో అంది. "నా గొంతు బాగలేక నిన్ను కష్టపెట్టినాను. ఏమీ అనుకోవద్దప్పా."

నిజం చెప్పడానికి అంతకంటే వీలైన సమయం దొరకదు. బావ లేడు, నర్సు కూడా లేదు. నేను ఆమె చెయ్యి తట్టి "పరవాలేదులేమ్మా" అన్నాను. ఆమెను క్షమించి ఇంటికి వచ్చేశాను.