ప్రేమానందం హస్తవాసి

పాకాలలో డాక్టర్లకు హస్తవాసి ఉందో లేదో గానీ, ప్రేమానందానికి మాత్రం ఉందని స్టేషను వీధి మొత్తం నమ్మింది. మిక్సీలూ ఫ్యాన్లూ ఎవరైనా బాగుచేస్తారు. కాయిల్ పొయ్యి మాత్రం ఆయన చెయ్యి పడితే మునుపటికంటే ఎర్రగా మండేది. చెడిపోయిన వస్తువు కొత్తదానికంటే బాగా పనిచేయడమంటే మాటలా? పాస్టరుగారు అది దేవుడి కృప అన్నారు. టీకొట్టు మునిలక్ష్మి చేతి మహిమ అంది. టీతో పాటు ఆ మాటా అందరికీ పోసింది కాబట్టి, పాస్టరుగారి మాట చర్చి దాటలేదు, ఆమె మాట దామలచెరువు దాకా వెళ్లింది.

అసలు సంగతి ప్రేమానందానికి తెలుసు. పొయ్యి గాడుల్లో స్ప్రింగులా చుట్టి ఉండే తీగ ఎక్కడో ఒకచోట కాలి తెగుతుంది. మాడిన ముక్క కత్తిరించి, రెండు కొసలూ మెలేసి, తీగను కొంచెం సాగదీసి మళ్లీ గాడిలో కూర్చోబెడతాడు. అంటే తీగ పొట్టిదైంది. పొట్టి తీగ కరెంటును అంతగా అడ్డుకోదు. ఎక్కువ కరెంటు పారుతుంది, ఎక్కువ వేడి పుడుతుంది, అంతే తొందరగా మళ్లీ తెగుతుంది. చిత్తూరు ఐటీఐలో ఆయనకు బాగా ఒంటబట్టిన పాఠం అదే. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే తీగ ఎంత అడ్డుకుంటుందో తెలుస్తుంది, గుణిస్తే పొయ్యి ఎంత పవరు తాగుతుందో తెలుస్తుంది. మునిలక్ష్మి పొయ్యి కొత్తలో రెండువందల ముప్ఫై వోల్టుల మీద నాలుగు ఆంపియర్ల పైచిలుకు లాగేది. అడ్డు యాభైమూడు ఓములు, పవరు వెయ్యి వాట్లు.

ఈ లెక్క ఆయన ఎవరికీ చెప్పలేదు. అడగందే అమ్మైనా పెట్టదు, ఎవరూ అడగలేదు. పైగా హస్తవాసి అన్న మాట చెవికి తియ్యగా ఉంటుంది. భార్య కోమలితో బజారుకు పోతే కూరగాయలమ్మే వాళ్లు కూడా ఆ చేతిని తేరిపార చూసేవాళ్లు. నిజం చెప్పడమంటే కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే.

మొన్న వేసవిలో మునిలక్ష్మి పొయ్యి మళ్లీ తెగింది. అప్పటికే దానికి నాలుగు అతుకులు. ఈసారి ఆమె వైరుతో సహా చుట్టి తెచ్చింది. ప్లగ్గు చూడగానే ప్రేమానందం చెయ్యి ఆగింది. పిన్నుల చుట్టూ తెల్ల ప్లాస్టిక్ మాడి, ఒకపక్క మెత్తబడి వంగింది. తెగిన కొసలు అప్పటికప్పుడు కలిపి, మీటరు తగిలించి చూశాడు. ఆరు ఆంపియర్లు. భాగిస్తే ముప్ఫై ఎనిమిది ఓములు, గుణిస్తే పధ్నాలుగు వందల వాట్లకు దగ్గర. ఆ చిన్న ప్లగ్గు మోయగలిగింది ఆరే. ఇంకో ముక్క కత్తిరిస్తే పొయ్యి బాగానే మండుతుంది, దాంతోపాటు కొబ్బరాకులు కప్పిన ఆ కొట్టూ మండొచ్చు. మునిలక్ష్మి పడుకునేది కూడా ఆ కొట్టులోనే.

అతుకు వేయను, కొత్త కాయిల్ వేస్తానన్నాడు. ఆమె ససేమిరా అంది. కొత్త కాయిల్ మీద నీళ్లు నిదానంగా కాగుతాయని ఆమెకు అనుభవమే. కాట్పాడి రైలుబండి వచ్చి పోయేలోగా నీళ్లు మరగకపోతే ఇక కొట్టు దేనికి? అప్పుడాయన సుద్దముక్క తీసి గచ్చు మీద లెక్క వేశాడు. ఒక్కో అతుక్కీ తీగ తగ్గడం, కరెంటు పెరగడం, ప్లగ్గు కాలడం, అంతా విడమరిచి చెప్పాడు. ఆమె ఓపిగ్గా విన్నది.

"అయితే నీ చేతిలో ఏమీ లేదంటావా?"

"ఏమీ లేదమ్మా. పొట్టి తీగ అట్లనే మండుతాది. ఎవురు కత్తిరించినా అంతే."

"మరి ఇన్నాళ్లూ ఈ లెక్క యాడ పెట్టినావన్నా?"

ప్రేమానందం సిగ్గుతో తల దించుకున్నాడు. ఆమె పొయ్యి చంకన పెట్టుకుని, బజారులో కొత్తగా అంగడి తెరిచిన ఢిల్లీబాబు దగ్గరికి వెళ్లిపోయింది.

ఢిల్లీబాబు అడ్డు చెప్పకుండా అతుకేసి ఇచ్చాడు. పొయ్యి నిప్పులు కక్కింది. లక్ష్మి ఒకచోట నిలవదంటారు, హస్తవాసీ అంతే కాబోలు, వారం తిరిగేలోగా ఇల్లు మారింది. ప్రేమానందం అంగడికి పొయ్యిలు రావడం తగ్గింది. నోరు మూసుకుని అతుకేసి ఉంటే పోయేది కదా అని కోమలి విసుక్కుంది. ఆయనకు బాధగానే ఉంది. పేరు పోయినందుకు కొంత, అది ఎన్నడూ తనది కాదని తెలిసినందుకు ఇంకాస్త. అయితే కన్ను మూస్తే కనబడేది మాత్రం మాడిన ఆ ప్లగ్గే.

ఆదివారం ఆరాధన అయ్యాక, బండ్లు లేని వేళ చూసుకుని, మందపాటి వైరూ పదహారు ఆంపియర్లు మోసే పెద్ద ప్లగ్గూ దానికి తగిన బోర్డూ తీసుకుని కొట్టుకు వెళ్లాడు. మీటరు తగిలిస్తే ఆరున్నర ఆంపియర్లు. గుణిస్తే దాదాపు పదిహేను వందల వాట్లు. పొయ్యి జోలికి పోలేదు. కొట్టుకు కరెంటిచ్చే వెనకింటి మీటరు దాకా పాత వైరు పీకి కొత్తది లాగాడు, ప్లగ్గూ బోర్డూ మార్చాడు. మునిలక్ష్మి మొదట మొహమాటపడింది. తర్వాత, రాజీకి వచ్చాడనుకుని టీ పెట్టింది. నీళ్లు చూస్తుండగానే మరిగాయి.

బెంచీ మీద కూర్చున్న ఆసామి ఒకడు పొయ్యి ఎర్రదనం చూసి, బాగుచేసింది ఈయనేనా అని అడిగాడు.

"అది ఢిల్లీబాబు చెయ్యబ్బా," అంది మునిలక్ష్మి. "ఈ అన్న ప్లగ్గు మాత్రం మార్చినాడు."

ఆసామి ప్రేమానందం వైపు చూశాడు. ఆయన అవునన్నట్టు తలాడించాడు.

టీ తాగి, గ్లాసు పెట్టి లేచాడు. వెళ్లబోతూ ఆగి, వంగి, ప్లగ్గు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. అంతసేపు పొయ్యి భగభగా మండినా, అది చల్లగానే ఉంది.