తప్పు: ఏమీ లేదు

ఆ ఉదయం కట్టుడు పళ్లు చేసే ఆయన తన పళ్లు తోముకోకుండానే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. చూపులేనివాళ్లకు తెలుగు చదివి వినిపించే ప్రోగ్రామ్ ఒకటి తీరిక వేళల్లో తయారుచేసి, అందరికీ ఊరికే ఇచ్చాడాయన. అది ‘ళ’ను ‘ల’ అనేది. ‘కళ్లు కాపాడుకుందాం’ అన్న పాఠాన్ని ‘కల్లు కాపాడుకుందాం’ అని చదివి, చూపులేని ఒక టీచరమ్మను క్లాసులో నవ్వులపాలు చేసింది. మొన్న మళ్లీ సరిచేసి పంపాడు. ఈసారీ కుదరకపోతే మానేస్తానని ఇంట్లో చెప్పేశాడు.

“ఊరందరికీ పళ్లు కడతారు, మీ ప్రోగ్రామ్‌కి మాత్రం నోరు తిరగదు,” అంది భార్య. “ఈసారి ఏమని తిట్టింది టీచరమ్మ?”

తప్పేమిటో రాయనిదే ఫిర్యాదుల పేజీ ఏ సందేశాన్నీ తీసుకోదు. అందుకే టీచరమ్మ ఇలా మొదలుపెట్టింది, ఆయన పైకి చదివాడు: “తప్పు: ఏమీ లేదు. కళ్లు అంది అన్నయ్యగారూ! కళ్లు, నీళ్లు, పెళ్లిళ్లు, అన్నీ అనిపించాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. మీ కడుపు చల్లగుండ!”

ఆయన కుర్చీలోంచి ఎగిరి లేచాడు. “విన్నావా? పెళ్లిళ్లు కూడా అందట!”

“విన్నాను. అయితే పని అయిపోయింది, ఇక మానేసినట్టేగా?”

“ఎక్కడ మానేది? ‘ణ’ను ‘న’ అంటోందని కింద రాసింది చూడు.”

బ్రష్ నోట్లో పెట్టుకునే ‘ణ’ పని మొదలుపెట్టాడు.