నాయనమ్మ ముందర హిబ్రూ ప్రసంగం

ఇరవై రెండేండ్ల వయసుల మనిషికి ఉండే తెలివి మళ్ల జన్మల రాదు. ఆ రోజుల్ల నాకది పొంగి పొర్లుతుండె. ఫోన్ల నాలుగు వీడియోలు చూసి హిబ్రూ పండితున్నయిపోయిన. బైబిల్ల దేవుని భయం అన్నకాడ హిబ్రూల ‘యిరా’ అని ఉంటదట. దానికి వణుకుడే కాదు, అబ్బురపడి గౌరవించుడు సుత అర్థమట. ఇంకేముంది, ‘ఇన్నేండ్లు మనల్ని ఉత్తగనే బెదిరించిండ్రు’ అని మా అల్వాల్ బస్తీ అంతా చాటింపేసిన. (మా అమ్మకైతే పొద్దుగాల చాయ్‌తోటి రోజూ ఇదే తక్లీఫ్.) అంతల మా చర్చిల యూత్ సండే వచ్చింది. ఏడాదికొక్క ఆదివారం పాస్టర్‌గారు కింద కూసుంటడు, మాలాంటోళ్లు పైకెక్కి ప్రసంగం చేస్తరు. ఆ ఏడు నా వంతు.

అసలు చిక్కు మా నాయనమ్మ. మొదటి బెంచీ ఆమెది. ప్రసంగం నచ్చకపోతే నోరు తెరిచి ఏమనదు, కూసున్నకాడనే పాట షురూ చేస్తది. ఆమె ఎత్తుకున్నదంటే సంఘమంతా అందుకోవాల్సిందే, ప్రసంగం ఖతం. పెద్ద పెద్ద పాస్టర్లనే దింపిన గొంతు అది. నేనేమో ‘ఆఖరిదాంక చెప్పే దిగుత’ అని దోస్తుల ముందర కోతలు కోసి ఉన్న. మధ్యల దిగితే ఇజ్జత్ పోతది.

ఎక్కిన. "దేవునికి భయపడే పనే లేదు! యిరా అంటే వణుకుడు కాదు!" అని మైకు పగిలేటట్టు అరిచిన. నాయనమ్మ అద్దాలు తుడుసుకున్నది. "అంటే... జెర భయం ఉంటే ఉండొచ్చు" అన్న. ఆమె పాటల పుస్తకం తెరిచింది. "అసలు భయం లేనోడు మనిషేనా?" అన్న. కాళ్లు గడగడ వణుకుతున్నయి. ఆమె గొంతు సవరించుకున్నది. అంతే, ఆగమాగమై "ఆమెన్" అని దిగిపోయిన. వెనక బెంచీల దోస్తులు పడీ పడీ నవ్విండ్రు.

బయట చెప్పులేసుకుంటుంటే నాయనమ్మ దొరకబట్టింది.

"గా హిబ్రూ మాటకు గంత పరేషాన్ ఎందుకురా? మన తెలుగు బైబిల్ల ‘భయభక్తులు’ అని ఎప్పుడో రాసిపెట్టిండ్రు గదా. ఇయ్యాల భయమైతే అందరం చూసినం. భక్తి ఎప్పుడు చూపిస్తవ్?"

"నువ్వు పాట ఎత్తుకోబోతివి గద నాయనమ్మా!"

"నాకు దగ్గొచ్చింది రా గాడిదీ. మంచిగనే చెప్తుంటివి, ఎందుకు దిగినవ్?"

ఇప్పుడు నాయనమ్మ లేదు. అప్పుడప్పుడు నన్ను ప్రసంగానికి పిలుస్తరు. ఆపేటోళ్లు లేక చెప్పిందే చెప్తుంట. జనాలు ఆవులిస్తరు గనీ ఒక్కరూ పాట ఎత్తుకోరు. ఆమెన్ అనే ముందు మాత్రం కండ్లు మొదటి బెంచీ దిక్కే పోతయి. ఎవరన్న జెర దగ్గితే బాగుండు అనిపిస్తది, నవ్వొస్తది.